ఖాళీ గుల్ల అనుకున్నాను

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో రుషికొండ దాటాక మంగమారిపేట వస్తుంది. అక్కడి రాతి తోరణం దగ్గర ఫొటోలు దిగడానికి చాలాసార్లు వెళ్లాను కానీ, ఆ రాళ్ల మీద ఏముందో వంగి చూసింది మాత్రం మొన్న జువాలజీ ఫీల్డ్ ట్రిప్‌లోనే.

పౌర్ణమి మర్నాడు వెళ్లాం. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడి లాగుడు, చంద్రుడి లాగుడు కలిసొస్తాయి కాబట్టి పోటు ఎంత పైకి ఎక్కుతుందో నీరు అంత కిందికి తీస్తుంది, మామూలు రోజుల్లో మునిగుండే రాళ్లు కూడా కాసేపు బయటపడతాయి. పీవీసీ పైపులతో చేసిన అర మీటరు చదరం ఒకటి చేతికిచ్చి, రాయి మీద పెట్టి లోపల ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నారు మేడమ్. నాకు కనిపించినవి ఎండిన సిమెంటు చుక్కలే.

అవి బార్నకిల్స్ అనే ప్రాణులు. పక్కనే నీళ్లు నిలిచిన గుంటలో కూడా ఉంటే, మా నీడ పడకుండా కూర్చుని చూశాం. రెండు నిమిషాలకి ఒక్కో చుక్క నడినెత్తిన తలుపులు తెరుచుకుని, లోపల్నుంచి ఈకల్లాంటి కాళ్లు వచ్చి, నీళ్లని ఒకసారి దువ్వి ఠక్కున లోపలికి పోయాయి. మళ్లీ వచ్చాయి. తలని రాయికి అతికించుకుని, బతికినన్నాళ్లూ కాళ్లతోనే తిండి లాక్కుంటాయి! పైన పెంకు చూసి చాలాకాలం వీటిని నత్తల జాతిలో వేశారు, 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వీటి పిల్లల రూపం చూపించాకే రొయ్యలకీ పీతలకీ చుట్టాలని తేలింది. డార్విన్ 8 ఏళ్లు వీటి అధ్యయనం మీదే కూర్చున్నాడు. ఆ గుంట చూశాక ఎందుకో అర్థమైంది.

తర్వాత ఒక అందమైన నత్తగుల్ల దొరికితే ఖాళీదే కదా అని తీశాను. అరచేతిలో కాసేపు ఉంచితే కాడల మీద రెండు కళ్లు బయటికొచ్చాయి. సన్యాసి పీత. దాని పొట్ట మెత్తన, సొంత గుల్ల ఉండదు, పెరిగేకొద్దీ ఇంకాస్త పెద్ద గుల్ల వెతుక్కోవాలి. అంటే మనం ఏరుకొచ్చి షోకేసులో పెట్టుకునే ఖాళీ గుల్లలు వాటికి కాబోయే ఇళ్లు. మా ఇంట్లో చిన్నప్పట్నుంచి ఏరినవి ఒక సీసా నిండా ఉన్నాయి, అవి గుర్తొచ్చి నిజంగా బాధేసింది. పీతని తీసినచోటే పెట్టేశాను.

ఇంతలో వల బాగుచేసుకుంటున్న తాత "పోటెక్కుతోందమ్మా, ఇక వచ్చేయండి" అని కేకేశాడు. మా లెక్క 412 దగ్గర ఆగింది. చదరంలో ఒక మూల మిగిలే ఉంది, మేం ఫ్రేము తీసేలోపే దాని మీదికి నీళ్లొచ్చేశాయి.