ఒకే మజ్జలో రెండు జబ్బులు

నాకు మొదట చెప్పిన జబ్బు అప్లాస్టిక్ అనీమియా, అంటే ఎముక మజ్జ చాలినన్ని రక్తకణాలు తయారుచేయలేకపోవడం. తుంటి ఎముక నుంచి తీసిన బయాప్సీలో రక్తకణాలు తయారవ్వాల్సిన చోట కొవ్వే ఎక్కువగా కనిపించింది. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నరకు పైన ఉండాలి. నావి ఇరవై వేలకు అటూ ఇటూ. పళ్ళు తోముకుంటే రక్తం, పిక్కల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు.

ఏటీజీ ఎక్కించారు. మజ్జ మీద దాడి చేస్తున్న టీ కణాలను (రోగనిరోధక తెల్లకణాలను) అణచే మందు అది, గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. ఆ రాత్రుళ్ళు వణుకుతో మంచం కదిలేది. తర్వాత సైక్లోస్పోరిన్ మాత్రలు, అవీ రోగనిరోధక శక్తిని అణచేవే. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుందని ముందే చెప్పారు. నిజంగానే ప్లేట్‌లెట్లు మెల్లగా పెరిగాయి. హిమోగ్లోబిన్ మాత్రం రక్తం ఎక్కించినప్పుడు పెరిగి, మళ్ళీ దిగిపోయేది. మజ్జ ఇంకా కోలుకోలేదనే అనుకున్నారందరూ.

ఓ రోజు పొద్దున మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. మధ్యాహ్నానికి మామూలే. హెమటాలజిస్టుకు చెబితే పాత రిపోర్టులన్నీ తీయించారు. ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్) బాగా ఎక్కువ, హాప్టోగ్లోబిన్ (ఎర్రకణాలు పగిలితే తగ్గిపోయే ప్రొటీన్) దాదాపు లేదు, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) పెరిగాయి. "మజ్జ పని చేయకపోతే ఈ కొత్త కణాలు ఎక్కడివండీ? తయారవుతున్నాయి, కానీ పగిలిపోతున్నాయి" అన్నారు. ఆ మాట నాకు దారి చూపించింది.

రక్తకణాల మీది ప్రొటీన్లను చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో పీఎన్‌హెచ్ (ఎర్రకణాలు రక్తంలోనే పగిలిపోయే జబ్బు) తేలింది. పిగ్-ఏ అనే జన్యువు చెడిన మూలకణం నుంచి పుట్టిన ఎర్రకణాల మీద సీడీ55, సీడీ59 అనే రక్షక ప్రొటీన్లు ఉండవు. దాంతో మన ఒంట్లోని కాంప్లిమెంటే (క్రిములను చంపే రక్షణ ప్రొటీన్ల గుంపు) వాటిని పగలగొడుతుంది. అప్లాస్టిక్ అనీమియా ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఇలాంటి కణాలు కొద్దిగానైనా ఉంటాయి. నా మొదటి రిపోర్టులోనూ చిన్న శాతంగా ఉన్నాయి, ఆ తర్వాత పెరిగాయి. అందుకే ఈ పరీక్ష ఒక్కసారితో సరిపెట్టకూడదు. అప్లాస్టిక్ అనీమియా ఉన్న ప్రతి ఒక్కరూ మళ్ళీ ఎప్పుడు చేస్తారని డాక్టర్ని అడగాలని నా గట్టి అభిప్రాయం.

నన్ను బాగా భయపెట్టింది ఇంకొకటి. ప్లేట్‌లెట్లు తక్కువైతే రక్తస్రావం, పీఎన్‌హెచ్ ఉంటే రక్తం గడ్డకట్టడం. కాలేయం సిరల్లో కూడా గడ్డ కట్టవచ్చట. కడుపునొప్పి వస్తే ఓర్చుకోకుండా వెంటనే రమ్మన్నారు.

కాంప్లిమెంటును ఆపే మందు, 2007లో అమెరికాలో అనుమతి వచ్చిన ఎకులిజుమాబ్ మొదలుపెట్టారు. దానికి ముందు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకాలు తప్పనిసరి, ఎందుకంటే కాంప్లిమెంటును ఆపితే ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకు అడ్డు తగ్గుతుంది. జ్వరం వస్తే క్షణం ఆగకూడదని రాసిన కార్డు ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. కొద్ది వారాల్లోనే మూత్రం తేటపడింది. ఎల్‌డీహెచ్ దిగింది. మెట్లెక్కితే గుండె దడదడలాడటం పోయింది.

రెండు వారాలకోసారి సెలైన్‌లో ఆ మందు ఇప్పటికీ ఎక్కించుకుంటున్నాను. సైక్లోస్పోరిన్ మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. రక్తం ఎక్కించుకోవాల్సిన అవసరం మాత్రం మళ్ళీ రాలేదు.