ఒకటే అంకె ఉన్న పేజీలు

ఇవాళ పొద్దున 5 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాను. 41 నిమిషాలు పట్టింది. కొందరికి ఇది చిన్న విషయమే కావచ్చు, నాకు మాత్రం చాలా పెద్దది.

మొదలుపెట్టిన రోజు ఒక్క నిమిషానికే ఆయాసం వచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడిపోయాను. అప్పట్నుంచి ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. వారం వారం పరుగు కాస్త పెంచుకుంటూ వచ్చాను.

రెండో నెలలో తొందరపడ్డాను. ఊపిరి బాగానే అందుతోంది కదా అని ఒకేసారి దూరం రెట్టింపు చేశాను. మర్నాడు మంచం దిగి అడుగు వేయబోతే మడమ వెనక ఒకటే సలుపు. మూడు వారాలు పరుగు మానేయాల్సి వచ్చింది. గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయట, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు గట్టిపడాలంటే మాత్రం నెలలు కావాలట. నా ఒంట్లోనే ఒక భాగం ఇంకా సిద్ధం కాలేదు, నేనే దాని కోసం ఆగలేదు. అది తెలిశాక ఎంత టెన్షన్ తగ్గిందో! నిదానంగా వెళ్లడం బద్ధకం కాదని అప్పుడే నమ్మకం కుదిరింది.

రోజూ ఎన్ని నిమిషాలు పరిగెత్తానో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఒక పేజీ నిండా 12, 12, 12. అక్కడే ఆగిపోయానని ఆ రోజుల్లో ఎంత దిగులుపడ్డానో. ఇవాళ అదే పేజీ తిప్పుతుంటే కళ్లు చెమర్చాయి.

రేపు పరుగు లేదు, నడక మాత్రమే. నోట్‌బుక్‌లో తేదీ మాత్రం వేసి ఉంచాను.