విప్పి మళ్లీ కుట్టగలిగే బూటు

గత అక్టోబరులో ఒక శనివారం రాత్రి నేను చేసిన పనిని మా తాత చూసి ఉంటే, చేతికి ఏది దొరికితే దానితో నా వీపు మీద ఒకటి వేసి ఉండేవాడు. అమెరికా వాయవ్యంలోని క్యాస్కేడ్ పర్వతాలలో కాలిబాటలు బాగుచేసే స్వచ్ఛంద బృందంతో పగలంతా వానలో తవ్వి, నీళ్లు కారుతున్న తోలు బూట్లను ఇంటికి తెచ్చి, తెల్లవారేసరికి ఆరిపోవాలన్న తొందరలో ఫైర్‌ప్లేస్ ముందు జానెడు దూరంలో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బూటు ముందుభాగం ఎండిన తుమ్మ చెక్కలా బిగుసుకుపోయింది, వేళ్లు వంగే చోట అడ్డంగా పగులు పడింది, లోపలి అట్ట అంచులు అప్పడంలా పైకి లేచాయి. వాటి ఖరీదు 500 డాలర్ల పైమాటే అన్న బాధ ఒకటైతే, తోలుపని చేసి బతికిన ఇంట్లో పుట్టినవాడు ఈ తప్పు చేయడం అంతకన్నా పెద్ద సిగ్గు.

ఆ తప్పు ఏమిటో చెప్పాలంటే తోలు అంటే ఏమిటో చెప్పాలి. పశువు చర్మంలో ఉండే కొల్లాజెన్ పోగులను కుళ్లిపోకుండా నిలబెట్టే ప్రక్రియనే మనవాళ్లు పదును చేయడం అంటారు. పదును కాని పచ్చి చర్మం తడిగా ఉన్నప్పుడు 60, 65 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు మరో 10, 20 డిగ్రీలు ఓర్చుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు నీళ్లు మరిగే వేడిని కూడా తట్టుకోగలదు. మంచి పని బూటులో పై తోలుకు సాధారణంగా క్రోమియం పదును, లోపలి అట్టకు బెరడు పదును వాడతారు. ఎందుకంటే పైది తడినీ వేడినీ తట్టుకోవాలి, లోపలిది చెమటను పీల్చుకుంటూ మెల్లమెల్లగా పాదం ఆకారానికి అణగాలి. నా ఫైర్‌ప్లేస్ లోపలి అట్టను కుదించేసింది, పై తోలును మరీ ఎండగట్టి పెళుసుగా మార్చింది. తడి తోలును నీడలో, గాలి ఆడే చోట, రెండు మూడు రోజులపాటు దాని మానాన దాన్ని ఆరనివ్వాలని నాకు ఆరేళ్ల వయసులోనే తెలుసు.

ఈ బూట్లు పుట్టింది అమెరికా వాయవ్య రాష్ట్రాల అడవులలో. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరం, దక్షిణాన ఉన్న ఆరెగన్ రాష్ట్రం ఈ తరహా బూట్లకు పేరుపడిన చోట్లు. తడిసి జారే దుంగల మీద, నిట్టనిలువు కొండవాలుల మీద నిలబడి చెట్లు నరికేవారి కోసం వీటికి దాదాపు 2 అంగుళాల మడమ, పాదం వంపు కింద గట్టి ఆధారం అలవాటయ్యాయి. ఇనుప ముల్లును కాలికి కట్టుకుని మాను ఎక్కే మనిషి బరువంతా పాదం నడిమి వంపు మీదే పడుతుంది. ఆ చోటు మెత్తగా ఉంటే సాయంత్రానికి మనిషి నడవలేడు. తరువాతి కాలంలో ఇవే బూట్లు కార్చిచ్చును ఆర్పేవారికీ అక్కరకు వచ్చాయి. వారి బూటు కనీసం 8 అంగుళాల ఎత్తుండాలి, తోలుతో చేసినదై ఉండాలి, లేసులతో కట్టుకునేదై ఉండాలి, అడుగు వేడికి కరగకూడదు. వంపు కింద ఉక్కు పట్టీకి బదులు దళసరి తోలు పట్టీ వేయడంలోని లాభం కూడా అక్కడే తెలుస్తుంది. నిప్పులు ఆరని నేల మీద నడిచేటప్పుడు ఉక్కు వేడిని పాదానికి మోసుకొస్తుంది, తోలు ఆ పని చేయదు.

నేను మొదట కొన్నవి ఇలాంటివి కావు. ఒక పెద్ద దుకాణంలో సగం ధరకు తీసుకున్న ఆ జత చూడటానికి ముచ్చటగానే ఉండేది, కానీ రెండో వానాకాలంలో ఒక బూటు అడుగు మొత్తం నోరు తెరిచినట్టు ఊడి వేలాడింది. బాగుచేయమని తీసుకువెళితే, జిగురుతో అంటించిన దాన్ని మళ్లీ జిగురుతోనే అంటించాలని, అది కూడా నాలుగు నెలలకు మించి నిలవదని చెప్పారు. చేతితో కుట్టిన బూట్ల వైపు నన్ను తిప్పింది ఆ మాటే. అందువల్ల కాల్చుకున్న జతను పట్టుకుని, బూట్లను పూర్తిగా విప్పి మళ్లీ కట్టే ఒక పనివాడి దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. బూటు చేతిలోకి తీసుకుని, పగులును బొటనవేలితో ఒత్తి, "మంట ముందు పెట్టారా?" అని మాత్రం అడిగాడు. విప్పేటప్పుడు పక్కన కూర్చుని చూడవచ్చా అని అడిగితే, మాట్లాడకుండా ఉంటే చూడవచ్చన్నాడు.

ముందు మడమను ఊడదీశాడు. పొరలు పొరలుగా పేర్చిన తోలు ముక్కలను మేకులతో బిగించినది అది. తరువాత వంకీ కత్తితో అడుగు అట్ట చుట్టూ ఉన్న కుట్టును ఒక్కొక్క పోగుగా తెంచుతూ వచ్చి, రబ్బరు అడుగును పట్టకారుతో పట్టి లాగితే చర్రుమని విడివడింది. దాని కింద దళసరి తోలుతో నడిమి అట్ట, ఆ కింద వంపు దగ్గర వేసిన తోలు పట్టీ కనిపించాయి. పట్టీ మీద ఏళ్ల తరబడి నా బరువు మోసిన గుర్తుగా నల్లని గుంట ఏర్పడి ఉంది. ఇక్కడ ఈ బూట్ల ప్రత్యేకత బయటపడింది. మామూలు బూటులో పై తోలు అంచును పాదం కిందికి, అంటే లోపలికి మడుస్తారు. ఈ తరహాలో దాన్ని బయటికి మడిచి, పళ్లెం అంచులా చుట్టూ పరిచి, నేరుగా నడిమి అట్టకు కుడతారు. బయటికి వాలిన ఆ అంచు వాన నీటిని కుట్టు మీదుగా పక్కకు జార్చేస్తుంది, మన పెంకుటింటి చూరు చేసే పని లాంటిదే అది.

ఆ పై కుట్టు లోపల ఇంకో కుట్టు ఉంటుంది, అసలు చేతి నేర్పు దానిలోనే ఉంది. లోపలి అట్ట మందంలోనే కత్తితో గాడి తీసి ఒక చిన్న గట్టును చెక్కుతారు. వంకర ఆరెతో ఆ గట్టుకు ఏటవాలుగా చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు కొసల నుంచీ ఒకే చిల్లులో ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులా బిగలాగుతారు. ఒక పోగు తెగినా రెండోది పట్టు వదలదు. 1870ల నాటికి ఛార్లెస్ గుడ్‌యియర్ జూనియర్ పేరుతో వచ్చిన యంత్రం ఈ కుట్టును కార్ఖానాకు తెచ్చింది. రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టిన గుడ్‌యియర్ కొడుకే ఆయన. నేటి కార్ఖానాలలో తోలులో గట్టు చెక్కే ఓపిక లేక, గుడ్డ పట్టీతో చేసిన గట్టును లోపలి అట్టకు జిగురుతో అంటించి దానికి యంత్రంతో కుడతారు. అది చెడ్డ పద్ధతని నేను అనను, ఎన్నో మంచి బూట్లు అలాగే తయారవుతున్నాయి. కాకపోతే కుట్టు ఎంత గట్టిదైనా చివరికి దాని ప్రాణం ఆ జిగురు మీదే ఆధారపడి ఉంటుంది.

అచ్చు మీద తోలు బిగించడం మరో ఘట్టం. పాదం ఆకారంలో ఉన్న అచ్చు మీద తడిపిన పై తోలును పరిచి, సుత్తి తల ఉన్న పట్టకారుతో అంచును లాగి, అదే పట్టకారును తిప్పి మేకు కొట్టాలి. మునివేళ్ల దగ్గర మడతలు రాకుండా సర్దడంలోనే పనితనమంతా తేలుతుంది. చాలాకాలం ఇది యంత్రానికి లొంగని పని అనుకున్నారు. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో నేర్పరి అయిన పనివాడు రోజుకు 50 జతలు బిగించడమే గొప్పగా ఉన్న రోజులలో, డచ్చి వలస ప్రాంతమైన సురినామ్ నుంచి వచ్చిన యాన్ మాట్‌జెలిగర్ అనే నల్లజాతి యువకుడు పగలు బూట్ల కార్ఖానాలో పనిచేస్తూ, రాత్రులు కూర్చుని, చేతి కదలికలను అనుకరించే యంత్రాన్ని తయారుచేశాడు. 1883లో దానికి పేటెంటు వచ్చింది. ఆ యంత్రం రోజుకు 150 నుంచి 700 జతల వరకు బిగించగలిగింది, బూట్ల ధర పడిపోయింది. ఆయన మాత్రం 1889లో, 37 ఏళ్లు నిండకుండానే క్షయతో చనిపోయాడు. నేను వెళ్లిన చోట ఆ యంత్రం లేదు. నా బూటు ముందుభాగంలో పగిలిన తోలు తీసేసి కొత్త తోలు వేయడానికి ఆ పనివాడు పట్టకారు పట్టుకుని పావుగంట లాగి, ఒక మడత నచ్చక మేకులన్నీ పీకి మళ్లీ మొదలుపెట్టాడు.

కొత్త ముక్క కోసేముందు ఆయన చేసిన పని చూసి నేను మాట్లాడకూడదన్న షరతు మరిచిపోయాను. తోలును బల్ల మీద పరిచి, రెండు చేతులతో ఒకవైపు లాగి, తిప్పి ఇంకోవైపు లాగి చూశాడు. ఇక్కడ తోలు మందాన్ని ఔన్సులలో చెబుతారు. చదరపు అడుగు తూకం నుంచి పుట్టిన లెక్క అది, 1 ఔన్సు అంటే దాదాపు 0.4 మిల్లీమీటర్లు. పని బూటుకు 7, 8 ఔన్సుల తోలు, అంటే 3 మిల్లీమీటర్ల మందం కావాలి. మందం ఒక్కటే సరిపోదు, అది పశువు ఒంటిలో ఏ చోటిదో తెలియాలి. వెన్నుకు ఇరువైపులా, పిరుదుల మీదా ఉండే తోలు గట్టిది. కడుపు దగ్గరిది సాగిపోతుంది. బూటు ముందుభాగాన్ని గట్టి చోటు నుంచి, సాగని దిక్కు మడమ నుంచి వేళ్లకు వచ్చేలా కోయాలి, లేకపోతే ఏడాదికల్లా బూటు పొడుగు సాగి వదులవుతుంది.

మా తాత కూడా తోలు కోసే రంపె పట్టేముందు తోలును ఇలాగే లాగి చూసేవాడు. మాది నల్లగొండ జిల్లాలో ఒక మాదిగ కుటుంబం. మోట బొక్కెనల కాలం నేను చూడలేదు కానీ, కిర్రు చెప్పులు కుట్టడం చూశాను. ఆయన పక్కన కూర్చుని నేను మిగిలిన ముక్కలను ఇష్టం వచ్చినట్టు కోస్తుంటే, "దానికి ఎదురుపోకు బిడ్డా, అది ఎటు సాగుతదో ముందుగాల అడుగు" అనేవాడు. తోలును అడగడమేమిటని నేను నవ్వేవాణ్ణి. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును సంచిలా కుట్టి, దానిలో తంగేడు చెక్క, కరక్కాయ నింపి, నీళ్లు పోసి చెట్టుకు వేలాడదీసేవారు. కారిన నీటిని కింద పట్టి మళ్లీ పైన పోసేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవిస్తున్నారు. అదే చెట్టు బెరడుతో తోలును నిలబెట్టిన చేతులను మాత్రం ఊరు దూరంగానే ఉంచింది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు తోలు నానబెట్టే లంద వాసన అని ముక్కు మూసుకునేవారు. ఆ వాసన నా బట్టల మీద నిజంగా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరెగన్‌లో 1918లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న వెస్కో అనే బూట్ల సంస్థ స్థాపకుడి పేరు జాన్ హెన్రీ షూమేకర్. షూమేకర్ అంటే చెప్పులు కుట్టేవాడనే అర్థం. ఇంటిపేరులోనే వృత్తి ఉన్న మనిషి, దాన్ని దాచుకోవలసిన అవసరం లేకుండా బతికాడన్న సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంజనీరింగ్ కళాశాలలో చేరినప్పుడు తోటివాళ్లు మీవాళ్లేం చేస్తారని అడిగితే వ్యవసాయమని చెప్పినవాణ్ణి నేను. మాకు గుంట భూమి కూడా లేదు.

తోలును ఎటు లాగి చూశారో మా తాత కూడా అటే లాగేవాడని ఆ పనివాడితో అనేశాను. ఆయన చేతిలో పని ఆపి, "ఏమి కుట్టేవారు?" అని అడిగాడు. చెప్పులు, అంతకు ముందు బావి నుంచి నీళ్లు తోడే తోలు బొక్కెనలు అన్నాను. బొక్కెన కుట్టు నుంచి నీళ్లు కారకుండా ఎలా కుట్టేవారని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా నాన్నకు ఫోన్ చేసి అడిగాను. ముప్పై ఏళ్లలో ఆ పని గురించి నేను ఆయనను అడిగిన మొదటి ప్రశ్న అదే అయి ఉంటుంది. ఆయన కాసేపు ఊరుకుని, చిల్లు దారం కన్నా సన్నగా పొడవాలని, నీళ్లు తగిలాక తోలు ఉబ్బి చిల్లును అదే మూసేస్తుందని చెప్పి, ఇప్పుడు ఇదెందుకురా అన్నాడు.

జనవరిలో ఊరికి వెళ్లినప్పుడు అటక మీద ఉన్న తాత ఆరెను తెచ్చుకున్నాను. ఇత్తడి కట్టు వేసిన తుమ్మకర్ర పిడి, అరిగి అరిగి తాత అరచేతి ఆకారానికి వచ్చింది. నా చేతికి అది సరిగా కుదరదు. బూట్లు తీసుకోవడానికి వెళ్లినప్పుడు దాన్ని కూడా పట్టుకెళ్లాను. పగిలిన చోట కొత్త తోలు, కొత్త లోపలి అట్ట, కొత్త అడుగు, మిగిలినదంతా నా పాత బూటే. ఆరెను ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, మొనను గోటి మీద ఆనించి చూసి, తుప్పు పైపైనే ఉందని, మొన నిటారుగా ఉంది కనుక గట్టు కుట్టడానికి పనికిరాదు కానీ మడమ పొరలకు బాగా వస్తుందని అన్నాడు. సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి, అడగకుండానే నూరడం మొదలుపెట్టాడు.