చేతిలో స్విచ్, ఇద్దరికీ కలిపి పన్నెండు స్లాట్లు: రెసిడెంట్ ఈవిల్ 0 ఆడిన తీరు

జాంబీల భయానక వీడియో గేమ్ రెసిడెంట్ ఈవిల్ 0 మొదట 2002లో నింటెండో వారి పాత గేమ్ కన్సోల్ గేమ్‌క్యూబ్‌కి వచ్చింది. 2016లో హెచ్‌డీ రూపం, 2019 మేలో చేతిలో పట్టుకునీ, టీవీకి తగిలించీ ఆడగలిగే నింటెండో స్విచ్ కన్సోల్ వెర్షన్ వచ్చాయి. కథ మొదటి గేమ్‌కి ఒక్క రోజు ముందుది. 1998 జులై 23 రాత్రి, ఆర్క్‌లే అడవిలో ఆగిపోయిన ఎక్లిప్టిక్ ఎక్స్‌ప్రెస్ రైలు, అందులోకి ఎక్కిన పద్దెనిమిదేళ్ల రెబెకా చాంబర్స్, మరణశిక్ష పడిన మాజీ మెరీన్ బిల్లీ కోయెన్. టీవీకి తగిలించకుండా మొత్తం చేతిలో పట్టుకునే ఆడాను. జాంబీలను కాల్చడం కంటే సామాను సర్దుకోవడమే ఇందులో పెద్ద పని. ఆ పనికి టీవీ కంటే చేతిలో స్విచ్చే నాకు బాగా కుదిరింది.

మొదలుపెట్టే ముందు కొన్ని సెట్టింగులు చూసుకోవాలి. ఈ ఆటలో కుడి స్టిక్ మనతో ఉన్న రెండో పాత్రను నేరుగా నడుపుతుంది. కుడి స్టిక్‌కి డ్రిఫ్ట్ (దానంతట అదే కదిలినట్టు చూపే లోపం) ఉంటే మనం వేలు పెట్టకుండానే పార్ట్‌నర్ తనంతట తానే నడిచి జాంబీ చేతుల్లో పడుతుంది. ఇద్దరిలో ఎవరు చచ్చినా ఆట ఐపోయినట్టే. అందుకే ముందు సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్‌కి వెళ్లి స్టిక్ క్యాలిబ్రేషన్ చేయాలి. అక్కడ మధ్య చుక్క కుదురుగా నిలవకపోతే ఆ స్టిక్‌తో ఈ ఆట మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆటో బ్రైట్‌నెస్ తీసేయండి. గదిలో లైటు తగ్గిస్తే అది స్క్రీన్‌ని కూడా తగ్గించేస్తుంది. ఈ ఆటలో మూలలన్నీ అసలే నల్లగా ఉంటాయి, కింద పడున్న తూటాల పెట్టె కనబడదు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. కెమెరా కదలదు కాబట్టి, ఫ్రేములో లేని జాంబీని అడుగుల చప్పుడును బట్టే పట్టుకోవాలి.

చిత్రం కొలతకి 16:9, 4:3 రెండూ ఉన్నాయి. 4:3 పాత కూర్పు, అందంగానే ఉంటుంది. కానీ 6.2 అంగుళాల స్క్రీన్‌లో అటూ ఇటూ నల్ల పట్టీలు పోగా మిగిలేది సుమారు 5 అంగుళాల బొమ్మ. స్విచ్ లైట్‌లో అది నాలుగున్నరకు దిగుతుంది. నేను 16:9లోనే ఆడాను. పైనా కిందా కొంత కోసుకుపోయినా, పాత్ర కదిలేకొద్దీ చిత్రం కూడా జరుగుతుంది కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు. ఆటలో దొరికి చదివే ఫైళ్లలో అక్షరాలు చిన్నవిగా అనిపిస్తే సిస్టమ్ సెట్టింగ్స్‌లో జూమ్ ఆన్ చేసి హోమ్ బటన్ రెండుసార్లు నొక్కితే సరి.

కంట్రోల్స్ విషయంలో అందరూ కొత్త పద్ధతే (స్టిక్ స్క్రీన్ మీద ఎటు తోస్తే పాత్ర అటు వెళ్లేది) ఎంచుకోమంటారు. పరిగెత్తి తప్పించుకోవడానికి అదే మేలు. ఇరుకు బోగీల్లో మాత్రం కెమెరా మారినప్పుడల్లా దిశ తికమక అవుతుంది. పాత పద్ధతిలో ముందుకంటే ఎప్పుడూ పాత్ర చూస్తున్న వైపుకే. స్విచ్ పక్కన తగిలే కంట్రోలర్ జాయ్‌కాన్ స్టిక్ పొట్టిది కాబట్టి నడక, పరుగు తేడా కొత్త పద్ధతిలో వేలికి సరిగ్గా చిక్కదు. రెండూ పది నిమిషాలు ప్రయత్నించి చేతికి ఏది పడితే అది ఉంచుకోవచ్చు.

ఇక సామాను. ఈ సిరీస్‌లో మిగతా పాత ఆటల్లో ఉండే ఐటమ్ బాక్సు (మిగులు సామాను దాచుకునే పెట్టె) ఇందులో లేదు. ఒక్కొక్కరికి ఆరు స్లాట్లు (సామాను పెట్టుకునే గడులు), మిగిలింది నేల మీద పెట్టడమే. లెక్క ఇలా వస్తుంది: రెబెకా దగ్గర హ్యాండ్‌గన్, తూటాలు, హెర్బ్ (గాయం మాన్పే మూలిక), ఇంక్ రిబ్బన్ (సేవ్ చేయడానికి కావాల్సింది), మొత్తం నాలుగు. బిల్లీ దగ్గర షాట్‌గన్‌కి రెండు, దాని గుళ్లకి ఒకటి, హ్యాండ్‌గన్‌కి ఒకటి, అదీ నాలుగే. అంటే ఇద్దరికీ కలిపి ఖాళీ నాలుగు. అందులో పైకి ఎక్కడానికి వాడే కొక్కెం తుపాకీ హుక్‌షాట్ ఒక్కటే రెండు తినేస్తుంది. రైల్లో దొరికే ఈ హుక్‌షాట్ రైలు తర్వాత వచ్చే శిక్షణ కేంద్రం భవనంలోనూ కావాలి, కాబట్టి దాని పని ఐపోయిందని ఎక్కడో మూల గదిలో వదిలేస్తే మొదటికే మోసం.

శిక్షణ కేంద్రానికి చేరాక ప్రధాన హాలునే గోదాము చేసుకున్నాను. దాదాపు అన్ని దారులూ అటు నుంచే వెళ్తాయి. తుపాకులు ఒకచోట, హెర్బ్‌లు ఒకచోట, తాళాలూ పజిల్ వస్తువులూ మరోచోట. వదిలిన వస్తువులు మ్యాపులో కనిపిస్తాయి, ఆ మ్యాపుని క్యాప్చర్ బటన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే నాలుగు రోజుల తర్వాత తెరిచినా తడుముకోనక్కర్లేదు. పజిల్ ఆధారాలున్న ఫైళ్లకూ ఇదే పద్ధతి. కాగితం, పెన్ను అక్కర్లేదు.

స్లాట్ మిగుల్చుకునే మార్గం ఇంకొకటుంది. హెర్బ్‌లు, రసాయనాలు కలపగలిగేది రెబెకా ఒక్కతే. మూడు ఆకుపచ్చ హెర్బ్‌లు విడిగా మూడు స్లాట్లు, కలిపితే ఒకటి. బిల్లీకి దొరికినవి వెంటనే రెబెకాకి ఇచ్చేయాలి. దెబ్బలు తట్టుకునే ఒళ్లు బిల్లీది, బరువైన వాటిని తోసేదీ అతనే, కాబట్టి ముందు నడవాల్సింది అతనే.

పార్ట్‌నర్‌కి దాడి చేయమని చెబితే తూటాలు నీళ్లలా ఖర్చవుతాయి. ఒకట్రెండు జాంబీలున్న గదిలో దాడి ఆపేసి, అవసరమైతే పార్ట్‌నర్‌ని తలుపు దగ్గరే వదిలి ఒక్కరే వెళ్లడం లాభం. కోతుల్లాంటి ఎలిమినేటర్లు ఎదురైతే మాత్రం ఇద్దరూ కాల్చాల్సిందే, అవి ఒక్కచోట నిలవవు. షాట్‌గన్‌తో జాంబీని దగ్గరికి రానిచ్చి, గురి పైకెత్తి కాలిస్తే ఒక్క గుండుకే తల ఎగిరిపోతుంది. తుపాకీ ఖాళీ అయితే ఇన్వెంటరీ తెరిచి తూటాలను తుపాకీతో కలపాలి. ఆ సమయంలో ఆట ఆగి ఉంటుంది, బయట లోడ్ చేసే ఆ ఒక్క క్షణమూ మిగులుతుంది.

జలగలు మనిషి ఆకారం కట్టుకుని వచ్చే లీచ్ జాంబీలే ఈ ఆటలో అసలు తలనొప్పి. చేయి సాగదీసి దూరం నుంచే కొడతాయి, హ్యాండ్‌గన్ వాటి మీద దండగ. మందు నిప్పు. ఖాళీ సీసా కనబడితే తీసుకుని, గ్యాసోలిన్‌తో రెబెకా చేత మోలోటోవ్ (విసిరే నిప్పు సీసా) చేయించి, కనీసం రెండు చేతిలో ఉంచుకోవాలి. స్లాట్ లేనప్పుడు నేనైతే ఇంక్ రిబ్బన్ నేల మీద పెట్టేస్తాను కానీ మోలోటోవ్ వదలను.

సేవ్ సంగతి. టైప్‌రైటర్ దగ్గర, రిబ్బన్ ఉంటేనే సేవ్. స్విచ్ స్లీప్ మోడ్ ఇక్కడ వరమే, బస్సు దిగాలంటే పవర్ నొక్కితే చాలు. కానీ స్లీప్ సేవ్ కాదు. మధ్యలో ఇంకో గేమ్ తెరిస్తే ఇది మూసుకుంటుంది, ఛార్జింగ్ పూర్తిగా పడిపోయినా అంతే. 2017 నాటి స్విచ్ బ్యాటరీ ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలంటారు, 2019లో మార్చిన మోడల్ నాలుగున్నర నుంచి తొమ్మిది. పాతది వాడేవాళ్లు కొత్త భవనంలో అడుగుపెట్టగానే ఒక రిబ్బన్ ఖర్చు పెట్టడం నయం. మిగతా చోట్ల పెద్ద బాస్‌కి ముందు ఒకటి, పెద్ద పజిల్ విప్పాక ఒకటి చాలు.

ఒకసారి ముగించాక వెస్కర్ మోడ్ తెరుచుకుంటుంది. బిల్లీ స్థానంలో ఈ సిరీస్ విలన్ వెస్కర్ వస్తాడు, దూసుకెళ్లే పరుగుతో దారంతా సగమైపోతుంది. అదే కథ, భయం తక్కువ. లీచ్ హంటర్ అనే ఇంకో మోడ్ వేరు రకం: శిక్షణ కేంద్రంలో వంద జలగ బొమ్మలు ఏరాలి, పచ్చవి రెబెకా మాత్రమే, నీలివి బిల్లీ మాత్రమే తీయగలరు. స్లాట్ల లెక్క వంటబట్టకుండా దాని జోలికి వెళ్లొద్దు.