ముసురులో పట్టేసిన హ్యాండ్‌బ్రేక్

ముసురు ఇంకా వదల్లేదు. ఇలాంటి రోజుల్లో ఆటోనగర్ షెడ్లకు పొద్దున్నే వచ్చే కబురు ఒకటే: "అన్నా, బండి కదలట్లేదు, వెనక చక్రాలు పట్టేశాయి." ఇవాళ కూడా అదే. లోడు దొరక్క వానలో నిలబడిపోయిన లారీ, హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది. ఫోన్లో ముందుగా చెప్పాల్సింది గేరు వేసి ఈడ్వొద్దని. తిరగని చక్రాన్ని ఈడిస్తే టైరు ఒక్కచోటే అరిగి చదునవుతుంది, ఇక ఆ టైరు దడదడలాడుతూనే ఉంటుంది.

చాలామంది ముందు సుత్తి తీస్తారు. సుత్తి ఆఖర్న రావాలి. ముందు తేలాల్సింది లోపం గాలిదా, ఇనుముదా అని. ఎయిర్‌బ్రేక్ లారీలో హ్యాండ్‌బ్రేక్‌ను పట్టి ఉంచేది బూస్టర్ (వెనక చక్రాల దగ్గర గాలితో బ్రేకును నడిపే గుండ్రటి డబ్బా) వెనక అరలో ఉండే స్ప్రింగు. గాలి ఆ స్ప్రింగును నొక్కి ఉంచినంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది. అందుకే మొదటి చూపు గాలి ఒత్తిడి మీటరు మీదికి పోవాలి. 8 కేజీల దాకా ఎక్కాల్సిన ముల్లు 4, 5 దగ్గర ఆగితే స్ప్రింగు పూర్తిగా వెనక్కి పోదు, లైనర్లు (బ్రేకు షూల మీది రాపిడి పట్టీలు) చక్రంతో తిరిగే డ్రమ్మును రాసుకుంటూనే ఉంటాయి. అప్పుడు వెతకాల్సింది లీకు, లేదా కంప్రెసర్.

గాలి నిండుగా ఉంటే, ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు పెట్టాలి. గుండ్రటి రాళ్లు పనికిరావు, జారిపోతాయి. ఒకరు క్యాబిన్లో హ్యాండ్‌బ్రేక్ లీవర్ వదులుతుంటే ఇంకొకరు పక్కనుంచి పుష్‌రాడ్‌ను (బూస్టర్ నుంచి బయటికొచ్చి బ్రేకును నెట్టే కడ్డీని) చూడాలి. రాడ్ లోపలికి పోయిందా, గాలి తన పని తాను చేసినట్టే. పట్టు డ్రమ్ములో ఉంది. రెండువైపులా రాడ్లు కదలకపోతే హ్యాండ్ వాల్వునో, రిలే వాల్వునో (బూస్టర్లకు గాలిని త్వరగా పంపేది), వాటి పైపులనో అనుమానించాలి. ఒక్కవైపే కదలకపోతే లీవర్ వేసి ఉండగా ఆ బూస్టర్ స్ప్రింగు అర పైపు నట్టును కొద్దిగా వదులు చేసి, తర్వాత లీవర్ వదలాలి. గాలి గట్టిగా చిమ్మితే పైపు మంచిదే, బూస్టర్‌లోనే తేడా. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయొద్దు.

ఇంకో గుర్తు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. లీవర్ వదిలి ఉన్నంతసేపూ ఫుట్‌బ్రేకు రిలే వాల్వు కింది రంధ్రం నుంచి గాలి పోతూ, లీవర్ వేయగానే ఆగిపోతే బూస్టర్ రెండు అరల (వెనకది హ్యాండ్‌బ్రేక్‌ది, ముందుది ఫుట్‌బ్రేకుది) మధ్య సీలు పోయిందన్నమాట. వాల్వు మార్చి డబ్బు వృథా చేయడం ఇక్కడే జరుగుతుంది. ఆ సీలును తినేది ట్యాంకులో చేరే నీరు, కంప్రెసర్ ఆయిలు. రోజూ సాయంత్రం ట్యాంకుల డ్రెయిన్ లాగితే, గాలిలో తేమను పట్టే డ్రయ్యర్ కార్ట్రిడ్జ్‌ను కంపెనీ చెప్పిన గడువుకు మారిస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

గాలి లేకుండా బ్రేకు వదిలించాలంటే స్ప్రింగును వెనక్కి లాగి పట్టే టీ బోల్టు ఉంది, చాలా బూస్టర్లకు పక్కనే తొడుగులో ఉంటుంది. వెనక రబ్బరు మూత తీసి, బోల్టు దూర్చి, కుడికి పావుచుట్టు తిప్పితే లోపల పట్టుకుంటుంది. నట్టును చేతి స్పానర్‌తోనే బిగించాలి, ఎయిర్ గన్ తగలకూడదు. బోల్టు సుమారు రెండున్నర అంగుళాలు బయటికొస్తే స్ప్రింగు కట్టుబడినట్టు. ఆ చక్రానికి ఇక హ్యాండ్‌బ్రేక్ లేదు, కనుక దిమ్మలు తీయొద్దు. స్ప్రింగు అర క్లాంపును మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపలి స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. పోయిన బూస్టర్‌ను మొత్తంగా మార్చడమే పద్ధతి.

ఇవాళ్టి బండిలో రాడ్లు బాగానే లోపలికి పోయాయి. అంటే లైనరుకూ డ్రమ్ముకూ మధ్య తుప్పు. లీవర్ వదిలి, ఫుట్‌బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి వదిలి, దిమ్మలను అరడుగు దూరం జరిపి, ఫస్టుగేరులో కొంచెం, రివర్సులో కొంచెం మెల్లగా ఊపితే చాలాసార్లు టప్పుమని విడిపోతుంది. విడవకపోతే ఇంజను ఆపి, దిమ్మలు మళ్లీ ఆనించి, డ్రమ్ము చుట్టూ అక్కడక్కడా రెండు కేజీల సుత్తితో తట్టాలి. బూస్టర్ మీద, స్లాక్ (పుష్‌రాడ్‌కు తగిలి ఉండే, బ్రేకు సందును సరిచేసే చేయి) మీద దెబ్బ పడకూడదు. డీజిల్ పోయడం, గ్యాస్‌తో కాల్చడం రెండూ తప్పే. నూనె తాగిన లైనరు మళ్లీ సరిగా పట్టదు.

విడిపోయాక రెండు కిలోమీటర్లు నడిపి, డ్రమ్ముకు దగ్గరగా అరచేతి వెనకవైపు పెట్టి వేడి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ ఇంకా రాసుకుంటోంది. రిటర్న్ స్ప్రింగు విరిగి ఉండొచ్చు, కామ్ షాఫ్ట్ (తిరిగి షూలను విప్పార్చే కడ్డీ) బుష్‌లు గ్రీజు లేక బిగిసి ఉండొచ్చు, స్లాక్ అతిగా బిగించి ఉండొచ్చు. చేత్తో తిప్పే స్లాక్‌ను చక్రం పట్టేదాకా బిగించి, పావు నుంచి అరచుట్టు వెనక్కి వదలాలి. ఆ తర్వాత చక్రం చేత్తో తిరగాలి.

కడిగిన బండినీ, వానలో తడిసిన బండినీ ఆపేముందు బ్రేకు తేలిగ్గా తొక్కుతూ కాస్త దూరం నడిపి ఆరబెట్టాలి. శ్రీశైలం ఘాట్ లాంటిది దిగి డ్రమ్ములు కాలుతుండగా హ్యాండ్‌బ్రేక్ లాగేస్తే, చల్లారేటప్పుడు డ్రమ్ము కుదించుకుని షూలను బిగించేస్తుంది. రోజులు నిలబెట్టాలంటే సమతల నేల చూసి, గేరులో ఉంచి, దిమ్మలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయడం మేలు. దానికి బండిలో నాలుగు మంచి దిమ్మలు ఉండాలి, ఇవాళ్టి బండిలో ఒక్కటీ లేదు. సాయంత్రం రెండు చక్రాలు విప్పి చూస్తే ఎడమవైపు కామ్ బుష్ ఎండిపోయి ఉంది. రేపు గ్రీజు, కొత్త బుష్, ఆపై స్లాక్ సెట్టింగ్.