కామాలు ఎక్కడికి పోయాయి?

గురువారం మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత తీశానో లేదో, మెయిల్ వచ్చింది. మా క్లయింట్లలో ఒకరు తమ జర్నల్స్ కోసం సొంతంగా ఒక స్కీమా భాష, అంటే ఫైల్లో ఏ భాగం ఎక్కడ, ఎలా ఉండాలో నియమాలు రాసే భాష, తయారుచేస్తున్నారట. ముసాయిదా 34 పేజీలు. చదివి సోమవారంలోగా అభిప్రాయం చెప్పమన్నారు. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి, గిండీలో కూర్చుని పరిశోధన వ్యాసాలను ఎక్స్‌ఎంఎల్‌లోకి (ఏది శీర్షికో, ఏది పేరో ట్యాగులతో గుర్తుపెట్టే రూపంలోకి) మార్చే పనిలో 17 ఏళ్లు గడిపేశాను కాబట్టి, ఇలాంటివి తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి.

మొదటి పేజీలోనే, ఇప్పటికే వాడుకలో ఉన్న ఎక్స్‌ఎస్‌డీ అనే స్కీమా భాషను తిట్టారు. అక్కడ నాకు పేచీ లేదు. 2001లో వచ్చిన ఆ 1.0 వెర్షన్‌తో నేను పడని పాట్లు లేవు. ముక్కలు ఏ వరుసలోనైనా రావచ్చు అని చెప్పాలంటే, ఒక్కో ముక్క ఒక్కసారికి మించి రాకూడదని మెలిక పెట్టింది. అంతకుముందు నుంచీ ఉన్న మరో స్కీమా పద్ధతి డీటీడీకేమో, ఒకే పేరున్న ట్యాగుల్లో ఏది ఎవరిదో వేరుచేసే నేమ్‌స్పేస్‌ల గొడవే తెలియదు. సరే, కొత్తది కావాలనుకోవడం తప్పు కాదు. కానీ వీళ్లు వ్యాసాన్ని రేషన్ కార్డు దరఖాస్తు అనుకుంటున్నారు. పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఒక్కో గడిలో ఒక్కో విలువ. దరఖాస్తుకైతే ఈ భాష భేషుగ్గా ఉంటుంది. వ్యాసంలో గడులుండవు, వాక్యాలుంటాయి. ట్యాగులు ఆ వాక్యాల మధ్యలో వచ్చిపోతుంటాయి.

ముసాయిదాతో పాటు ఒక చిన్న టూల్ కూడా పంపారు. మొదట ఒక రిఫరెన్స్ ఇచ్చి చూశాను: ఇద్దరు రచయితలు, 2009;14(2):113–20. జర్నల్ వ్యాసాలకు వాడే ప్రామాణిక ట్యాగుల సెట్ జాట్స్‌లో దీనికి రెండు దారులున్నాయి. ‘మిక్స్‌డ్ సైటేషన్’లో కామాలు, సెమికోలన్లు, బ్రాకెట్లు రచయిత పెట్టిన చోటే ఉంటాయి. ‘ఎలిమెంట్ సైటేషన్’లో ట్యాగులు మాత్రమే ఉంటాయి, విరామ చిహ్నాలను తర్వాత, పేజీ ఎలా కనిపించాలో చెప్పే స్టైల్‌షీట్ వేసుకుంటుంది. ఒక్కో పబ్లిషర్‌ది ఒక్కో పద్ధతి కనుక రెండూ ఉంచారు. ఈ కొత్త భాషకు రెండోది తప్ప తెలియదు. సంవత్సరం, సంపుటి, పేజీలు అన్నీ డబ్బాల్లో సర్దేసి ఇచ్చింది. కామాలు లేవు.

అది పోనీ అనుకుని, పరీక్షకు నేనే ఒక వాక్యం రాశాను: ‘రోజుకు 5 మి.గ్రా. కన్నా ఎక్కువ వాడరాదు.’ అందులో ‘కన్నా ఎక్కువ’ అన్నంత మేరకు ఇటాలిక్ ట్యాగ్ పెట్టాను. టూల్ మామూలు మాటలన్నీ ఒక గడిలో, ఇటాలిక్ మాటలు ఇంకో గడిలో వేసింది. మొదటి గడిలో ఏముందంటే: ‘రోజుకు 5 మి.గ్రా. వాడరాదు.’ పక్క సీట్లో ఉన్న అబ్బాయికి చూపిస్తే నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మేం చేసే వాటిలో సగం వైద్య పత్రికలే.

ఇంకొకటి. ‘చిన్న శీర్షిక 50 మించరాదు’ అని రాశారు. 50 ఏమిటి? స్త్రీ అనే మాట కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో 6 కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చిన ఒక్కో నంబరు), వాటిని యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లో దాచితే 18 బైట్లు. ఎక్స్‌ఎస్‌డీని ఎంత తిట్టుకున్నా, తాను లెక్కపెట్టేది కోడ్‌పాయింట్లనేనని అది స్పష్టంగా చెప్పింది. విలువ ఏ ఆకారంలో ఉండాలో చెప్పే దాని ప్యాటర్న్‌లలో (వీటినే రెగెక్స్ అంటారు) ‘అంకె’ గుర్తు వాడితే ౨౦౦౯ కూడా పాసవుతుంది, అదీ రాసి పెట్టారు. వీళ్లేమో ‘మామూలు రెగెక్స్ లాగే’ అని రాసి వదిలేశారు. ఎవరి మామూలు?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ఎర్రర్ల దగ్గర. టూల్ చెప్పేది రెండే మాటలు, సరి లేదా తప్పు. లైన్ నంబర్ లేదు, ఏ ట్యాగో లేదు. మా టీమ్‌లో ఒకమ్మాయి రోజూ సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో వస్తుంది. 4,000 లైన్ల ఫైలు తెరిచి, ‘తప్పు అంటుంది కానీ ఎక్కడో చెప్పదేంటక్కా?’ అని అడిగింది. సాయంత్రం తన ట్రైన్ టైము దాటితే ఆ టెన్షన్ ఎవరికి? ఇదే ఫైలును మా పాత డీటీడీతో చూస్తే, ఫలానా లైన్‌లో ఈ ట్యాగ్ ఉండాల్సిన చోట అది ఉంది అని ముక్కుసూటిగా చెప్పింది. అది ఎక్స్‌ఎంఎల్ పుట్టిన 1998 నాటి సరుకు.

నిజానికి వీళ్లకు కావలసినవాటిలో చాలావరకు రిలాక్స్ ఎన్‌జీ అనే ఇంకో స్కీమా భాషలో ఇప్పటికే ఉన్నాయి. మకోతో మురాతా అనే ఆయన చేసిన రిలాక్స్, జేమ్స్ క్లార్క్ చేసిన ట్రెక్స్ కలిసి పుట్టిన భాష అది, 2003లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. వాక్యం మధ్యలో ట్యాగులా, రానీ అంటుంది. వరుస మారినా పర్వాలేదంటుంది. ట్యాగ్‌లోనే రాసే ఒక యాట్రిబ్యూట్ విలువను బట్టి లోపల ఏం రావాలో కూడా చెప్పనిస్తుంది. జాట్స్ ఆ రూపంలో కూడా దొరుకుతుంది. దాంతో కుదరని నిబంధనలుంటే పక్కన స్కీమట్రాన్ అనే నియమాల భాష పెట్టుకోవచ్చు. పైగా అందులో ఎర్రర్ మెసేజ్ మనమే రాసుకుంటాం, కావాలంటే తెలుగులో.

ఇదంతా ఆదివారం రాత్రి కూర్చుని రెండు పేజీల్లో రాసి, ఆ మి.గ్రా. వాక్యం స్క్రీన్‌షాట్ కూడా జతచేసి పంపాను. మంగళవారం జవాబు వచ్చింది: కృతజ్ఞతలు, టెక్స్ట్ మధ్యలో ట్యాగుల సంగతి ఫేజ్ 2లో చూస్తారట. ఫేజ్ 1లో లైవ్‌కి వెళ్లే జర్నల్స్ జాబితా కూడా పెట్టారు. 6 ఉన్నాయి. మూడోది ఫార్మకాలజీ.