అక్కను అడగడం మానేశాక

నేను ఇష్టపడిన అబ్బాయితో ఈ పెళ్లి కోసం ఇంట్లో కొట్లాడింది నేనే. కులం వేరని నాన్న మాటలు మానేశాడు, అమ్మ అన్నం మానేసింది. నానా తంటాలు పడి చివరికి ఇద్దరినీ ఒప్పించాను. అనంతపురంలోనే నిశ్చితార్థం అయింది. అది జరిగి వారం తిరక్కముందే మొదలైంది: అసలు నాకు తనంటే ఇష్టమేనా?

ఎవరికని చెప్పుకోను? అమ్మకు చెబితే 'మేం అప్పుడే చెప్పలా' అంటుంది. స్నేహితురాళ్లేమో పెళ్లికి ముందు అందరికీ ఉండే టెన్షనేలే అన్నారు. అందరికీ ఉండేదే అయితే మిగతావాళ్లంతా తిండి తిని నిద్ర ఎలా పోతున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

తను ఫోన్ చేస్తే మాటలు చెవికెక్కేవి కావు. గుండె కొట్టుకుంటోందా లేదా అని చూసుకునేదాన్ని. మామూలుగా ఉంటే ఇష్టం లేదనడానికి అదే రుజువు. వేగంగా కొట్టుకుంటే అది ప్రేమ కాదు, భయమేమో అనిపించేది. తన ఫోటో పెద్దది చేసి ముక్కు పరీక్షించేదాన్ని. బస్సులో ఎవరైనా అబ్బాయి బాగున్నాడనిపిస్తే ఇక ఆ రోజు పనికి రాకుండా పోయినట్టే. ఫోన్‌లో ఒక జాబితా కూడా రాసుకున్నా, ఇష్టం ఉందనడానికి ఆధారాలని. కాలేజీలో నాకు జ్వరమొచ్చినప్పుడు హాస్టల్ గేటు దగ్గర చీనీకాయల సంచి పెట్టి వెళ్లాడు, అదొకటి. రాత్రి దుప్పటి కింద అది చదువుకుంటే మనసు కాస్త కుదుటపడేది. పావుగంటకే మళ్లీ: ఇవన్నీ తను చేసినవి కదా, నువ్వేం చేశావు?

ఒకసారి క్లాక్ టవర్ దగ్గర హోటల్లో ఉగ్గాణి బజ్జీ తింటున్నాం. తను మిరపకాయ బజ్జీ కొరికి, కారానికి ఉస్సుమని గాలి పీల్చాడు. అంతే, నా నోట్లో ముద్ద దిగలేదు. ఈ చప్పుడు జీవితాంతం వినగలనా? వినలేననిపిస్తే ఇప్పుడే చెప్పేయాలి కదా, చెప్పకపోతే మోసం చేసినట్టే కదా? ప్లేట్లో బొరుగులు వేలితో అటూ ఇటూ నెడుతూ కూర్చున్నా. 'కారంగా ఉందా?' అంటూ తను నీళ్ల గ్లాసు నావైపు జరిపాడు. దాంతో ఏడుపు ఇంకా తన్నుకొచ్చింది.

గుంతకల్లులో ఉన్న మా అక్కకు రోజూ ఫోన్ చేసేదాన్ని. 'నాకు తనంటే ఇష్టమేనంటావా?' 'ఇష్టం లేకపోతే నాన్నతో అంత గొడవ పడతావామ్మే' అనేది. హాయిగా ఉండేది, ఫోన్ పెట్టేసేదాకా. అమ్మ కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లింది. ఒక డాక్టరు పెళ్లి టెన్షనేనని నిద్రమాత్రలు రాశాడు. నిద్రపట్టింది గానీ లేవగానే మొదట పలకరించేది ఆ ప్రశ్నే.

ఒక రాత్రి తట్టుకోలేక టెలీ మానస్ నంబరు 14416 కి ఫోన్ చేశాను. మానసిక ఇబ్బందులున్నవాళ్ల కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ అది, తెలుగులోనే మాట్లాడారు. అవతలి ఆమె తను మంచివాడా కాదా అని అడగనేలేదు. ఈ ఆలోచనతో రోజుకు ఎంతసేపు పోతోందని అడిగింది. లెక్క వేసుకుంటే నాకే భయమేసింది. సైకియాట్రిస్టుకు తప్పకుండా చూపించుకోమంది.

పెద్దాసుపత్రి మానసిక విభాగంలో డాక్టరమ్మ మొదట నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగారు: అబ్బాయి చెయ్యి చేసుకుంటాడా, అబద్ధాలు చెబుతాడా, ఈ పెళ్లికి ఎవరైనా బలవంతం చేస్తున్నారా? అవేవీ లేవని నిర్ధారించుకున్నాకే మిగతావి. చిన్నప్పటి సంగతులు అడిగితే, ఇంటర్‌లో పరీక్ష పేపరు మీద హాల్‌టికెట్ నంబరు మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ టైమంతా పోగొట్టుకోవడం గుర్తొచ్చింది. ఇలాంటి ఆలోచనల తీవ్రత కొలవడానికి యేల్-బ్రౌన్ స్కేలని పది ప్రశ్నలున్నాయి, మొత్తం 40 మార్కులు. 24 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమన్నట్టు. నేను దాటాను. ఇది ఓసీడీ అన్నారు, వద్దన్నా అదే ఆలోచన మళ్లీ మళ్లీ వచ్చి, దాన్ని చల్లార్చుకోవడానికి అదే పని పదేపదే చేయించే జబ్బు. ఓసీడీ అంటే చేతులు కడుక్కుంటూ ఉండటమే అనుకునేదాన్ని. నేను కడుక్కునేది మనసులో అన్నమాట.

ఫ్లూఓక్సెటిన్ అనే మందు మొదలుపెట్టారు. డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే దీనికి తరచూ ఎక్కువ డోసు కావాల్సి వస్తుందని, గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చని ముందే చెప్పారు. మొదట్లో కడుపులో తిప్పింది, నిద్ర చెడింది. 'పెళ్లి కావాల్సిన పిల్లకు పిచ్చి మాత్రలేందే' అని అమ్మ గొణిగేది.

మాత్రలకంటే కష్టమైంది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్స, బెంగళూరు సైకాలజిస్టుతో వీడియో కాల్‌లో. భయపెట్టే ఆలోచనకు ఎదురుగా నిలబడాలి, దాన్ని చల్లార్చడానికి మాత్రం ఏమీ చేయకూడదు. 'నాకు తనంటే ఇష్టమో కాదో ఎప్పటికీ తెలియకపోవచ్చు' అని చేత్తో రాసి, పైకి చదివి, జవాబు వెతక్కుండా కూర్చోవాలి. మొదటిసారి చెమటలు పట్టాయి. నేను ఎదురుచూసింది వేరు. ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు తేల్చి చేతిలో పెడతారనుకున్నా. ఆవిడ ఒక్కసారి కూడా చెప్పలేదు, నన్నూ చెప్పుకోనివ్వలేదు. ఆధారాల జాబితా నా చేతనే తీసేయించారు, చీనీకాయలతో సహా.

అక్కకూ పాఠం చెప్పారు. నేను అడిగితే 'ఏమోమ్మే, ఉండొచ్చు, లేకపోవచ్చు' అనాలి, అంతే. పాపం అక్కకు నోరు రాలేదు. మొదట్లో 'ఏమో... కానీ ఉందిలే' అని చివర్లో అతికించేది. తర్వాత ఎంత ఆరితేరిందంటే, నేను కోపంతో ఫోన్ పెట్టేస్తే తిరిగి చేసి 'వంకాయ కూర ఎట్లా చేసినావు?' అని అడిగేది.

తనకు అన్నీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, నొచ్చుకున్నాడు. నొచ్చుకోకుండా ఎలా ఉంటాడు? తర్వాత ఒక కాల్‌లో తనూ కూర్చుని, నేను 'నా ముఖంలో ప్రేమ కనిపిస్తోందా' అని అడిగితే జవాబు చెప్పకూడదని నేర్చుకున్నాడు. ఉగ్గాణి హోటల్‌కు కావాలనే మళ్లీ వెళ్లేవాళ్లం, ఉస్సు అనే చప్పుడు వినడానికి. అది ఇప్పటికీ నాకు నచ్చదు. నచ్చకపోయినా తినేస్తున్నాను.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా ఆ ప్రశ్న వచ్చింది. రానీ అనుకుని తల వంచాను. ఇప్పుడూ నిద్ర తక్కువైనప్పుడు, ఆఫీసులో ఆడిట్ ఉన్నప్పుడు వస్తుంది, కాసేపుండి పోతుంది. డోసు డాక్టరమ్మే కొంచెం తగ్గించారు, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు. పిల్లల గురించి అనుకుంటున్నాం కాబట్టి మాత్రల సంగతి వచ్చే ఓపీలో మాట్లాడాలి. అమ్మ మాత్రం 'ఇంకా ఎన్నాళ్లు మింగుతావే' అని అడుగుతూనే ఉంది. ఈసారి ఓపీకి ఆమెనూ వెంట రమ్మన్నాను.